“మీరే రద్దు చేయండి!” “కాదు, మీరే చేయండి!”

కరోనా కొత్తగా వచ్చిన రోజులవి. తోటపల్లి గూడూరు దగ్గర సముద్రం ఒడ్డున మా మేడ మీది గదుల్ని ఒక ఆన్‌లైన్ కంపెనీ ద్వారా టూరిస్టులకు అద్దెకిచ్చేదాన్ని. నా పేరు పక్కన కంపెనీ ఇచ్చిన ‘ఉత్తమ ఆతిథ్యం’ బిళ్ళ ఒకటుండేది. బుకింగ్ నేను రద్దు చేస్తే ఆ బిళ్ళ పోతుంది. అతిథి రద్దు చేసుకుంటే కట్టిన డబ్బు తిరిగి రాదు. అందుకే చెన్నై నుంచి బుక్ చేసుకున్నాయనా నేనూ ‘మీరే చేయండి’ అంటూ రోజూ ఫోన్లో కీచులాడుకున్నాం.

చివరికి ఆయన పెళ్ళాం బిడ్డలతో కారేసుకుని వచ్చేసినాడు! ఊరి మొదట్లో మావాళ్ళు ముళ్ళకంపలు అడ్డం వేసి కారు ఆపి, నన్ను పిలిపించినారు.

“ఒక్క బటన్ నొక్కండి మేడం, ఇట్నుంచి ఇటే పోతాం” అన్నాడాయన కంపకు అవతల నుంచి.

“ఆ నొక్కేదేదో మీరే నొక్కొచ్చు గదా!” అని అరిచినాను.

చేపలమ్మే పోలమ్మక్క నా మీద విరుచుకుపడింది. “ఏం మే, నీకు ఊరు కావాల్నా, ఆ బిళ్ళ కావాల్నా?”

తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ బటన్ నొక్కినాను. కారు వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. కరోనా వల్ల ఎవరు రద్దు చేసినా అతిథికి డబ్బు తిరిగిస్తారంట, బిళ్ళ కూడా పోదంట! ఆ ముక్కేదో పొద్దున్నే చెప్పి ఏడవచ్చు గదా! ఒళ్ళు మండి ఆయనకు ఫోన్ చేసినాను. అన్నాళ్ళలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. కలిసి ఆ కంపెనీని కడుపారా తిట్టుకున్నాం.