చివరి రీలు చూడని గుండయ్య

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే గుండయ్యకు వాదన మొదలైతే చేతులు ఆగవు. మడతపెట్టిన పోచంపల్లి చీరనే విప్పుతాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మళ్లీ మడతపెడతాడు. సకల జనుల సమ్మెతో బేరాలు లేవు. కోచింగ్ సెంటరు మూతపడి లెక్కల మాస్టారు శ్రీరామమూర్తి కూడా రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. ఆయనది తెనాలి. రాష్ట్రం మాట ఇద్దరూ ఎత్తరు. నాలుగే సినిమాలు తీసి ఊరుకున్న ఒక దర్శకుడంటే ఇద్దరికీ ప్రాణం. వాటిలో ఏది గొప్పదన్నదే తగువు.

“మూడోదే సార్. ఆ పిల్ల బస్టాండుల నిలబడ్తది. బస్సు రాదు. గంతే, ఖతం. గట్ల ముగించుడు ఎవలతోనైతది?”

శ్రీరామమూర్తి టీ గ్లాసు కింద పెట్టాడు. “ముగియడమేంటండీ? తర్వాత బస్సొస్తుంది, హీరో దిగుతాడు, పెళ్లి కూడా అవుతుంది. ఆ ఇరవై నిమిషాల వల్లే కదా నేను దాన్ని కాదంటున్నది.”

గుండయ్య చేతులు ఆగాయి. అప్పట్లో పోచంపల్లి, చౌటుప్పల్ టాకీసులు ఒకే ప్రింటు పంచుకునేవి. చౌటుప్పల్‌లో ఆడిన రీళ్లను సైకిలు మీద పోచంపల్లికి తెచ్చేవారు. గుండయ్య పోచంపల్లిలో ఆ సినిమా చూసిన రోజు చివరి రీళ్ల పెట్టె దారిలోనే ఉండిపోయినట్టుంది. లైట్లు వేశారు. సినిమా అంతేననుకుని ముప్పై ఏళ్లుగా దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

“అయితే మీరు చూసిందే గొప్ప సినిమా గుండయ్యగారూ. ఒప్పుకున్నాను,” అన్నాడు శ్రీరామమూర్తి.

వాదన అయిపోయింది. బయట ఊరేగింపు వస్తోంది, జై తెలంగాణ నినాదాలు దగ్గరవుతున్నాయి. ఇద్దరూ కాసేపు వీధి వైపు చూశారు.

“కాదు సార్,” అన్నాడు గుండయ్య గబగబా. “మల్ల సోచాయించిన. మొదటిదే గొప్పది.”

“మొదటిదా?” అంటూ శ్రీరామమూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.