ఆడుకోనిచ్చిన టీచరమ్మ

మా వీధి బాలవాడి టీచరమ్మ పోయిన సోమవారం తెనాలిలో, తమ్ముడి ఇంట్లో కన్నుమూశారు. నాన్న రేపల్లె నుంచి వచ్చి, బాపట్లలో మా హాస్టలు గుమ్మం దగ్గర నిలబడి, "మీ చెల్లెలి టీచరమ్మ పోయిందిరా" అన్నారు.

ఆమె రోజూ పొద్దుటి రైల్లో తెనాలి నుంచి రేపల్లె వచ్చేవారు. మా ఎదురింటి గదిలో బాలవాడి. బడి ఈడు రాని పిల్లలు అక్కడ పలక పట్టేవారు కాదు. చింతగింజలూ సీతాఫలం గింజలూ వేరుచేసేవారు. బంకమట్టితో పొయ్యి చేసి ఉత్తుత్తి వంట వండేవారు. తాటాకు బొమ్మలకు పెళ్ళి చేసి, వచ్చిన చుట్టాలకు విస్తళ్ళు వేసేవారు. టీచరమ్మ ఎప్పుడూ పిలవని చుట్టమే. "నాకు విస్తరి లేదేంటర్రా?" అని అలిగేవారు. మా చెల్లెలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేది.

తల్లులకు ఇది రుచించేది కాదు. "మట్టి పిసకడానికి మీ దాకా పంపాలా టీచరమ్మా? మా పెరట్లో లేదా మట్టి?" అని మా అమ్మే దెప్పేది.

"మట్టి ఉందక్కా. పిసకనిస్తున్నారా?" అనేవారు ఆమె నవ్వుతూ.

అయినా ఆమె అంటే అందరికీ ఇష్టం. ఆ ఇష్టమే కొంప ముంచింది. బాలవాడిని ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి గుంటూరు నుంచి ఒక అధికారిణి వస్తున్నారని తెలిసింది. "పిల్లల్ని రోజూలాగే వదిలెయ్యండి, ఆవిడ చూసేది ఆటలే" అని టీచరమ్మ ముందురోజే చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

"పిల్లలు ఆడుకోవడం చూడ్డానికి ఎవరైనా జీపేసుకుని వస్తారా? టీచరమ్మ అమాయకురాలు, మనమే కాసుకోవాలి" అంది అమ్మ.

మర్నాడు రైలు ఆలస్యమైంది. గది తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. తల్లులంతా గది కడిగి, బొమ్మలూ గింజలూ గంపకెత్తి మా వంటింట్లో దాచారు. పిల్లల తలలకు నూనె రాసి, వరసగా కూర్చోబెట్టి, చేతులు కట్టించారు. టీచరమ్మ స్టేషను నుంచి పరుగున వచ్చేసరికి జీపు గుమ్మంలో ఉంది.

"వీళ్ళు ఆడుకోరా?" అని అధికారిణి అడుగుతున్నారు.

"అస్సలు ఆడరండి. కదలమన్నా కదలరండి" అంది అమ్మ గర్వంగా.

టీచరమ్మ పిల్లల మధ్య చతికిలబడి, "రండర్రా, పెళ్ళి చేద్దాం" అన్నారు. పిల్లలు తల్లుల వంక చూశారు. ఒక్కరూ లేవలేదు. మా చెల్లెలు ముందుకు వంగింది గాని చేతులు విడలేదు.

వేసవి రాకముందే బాలవాడి ఎత్తేశారు. అమ్మ ఏడుస్తూ కాళ్ళ మీద పడబోతే, "నన్ను కాపాడదామనే కదక్కా చేశారు" అన్నారామె. ఆ మాటలో నిష్ఠూరం కోసం నేను చాలాసార్లు వెతికాను. దొరికి ఉంటే కొంత నయంగా ఉండేది. ఆ తరవాత ఆమెకు ఎక్కడా పిల్లల మధ్య పని దొరకలేదు. తెనాలిలో కుట్టుమిషను తొక్కుతూ బతికారు.

తెనాలి వెళ్ళి, ఆమెను సాగనంపి, రేపల్లె వచ్చాను. ఆ గది ఇప్పుడు ఎరువుల కొట్టు. పక్క సందులో కొత్త కాన్వెంటు వచ్చింది. పాలపళ్ళ పిల్లలు లోపల ఎక్కాలు అరుస్తున్నారు. గోడ కట్టడానికి తోలిన ఇసుక బడి ముందు గుట్టగా పోసి ఉంది, వానకు తడిసి, నున్నగా. సాయంత్రం గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చి, ఒకరి వెనక ఒకరు, ఆ గుట్టను తప్పించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.