ముక్తసరి గారి మాటల పరీక్ష

సరుకుల విమానాల కంపెనీలో ఆయన్ను అందరూ ముక్తసరి అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు కెప్టెన్ గారూ అని పిలుస్తారు గానీ, ఆయన అటు తిరగ్గానే ముక్తసరే. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఊరికే పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా రెండు ఇంజన్ల చిన్న విమానంలో మందుల పెట్టెలు, ఉత్తరాల సంచులు, ల్యాబుకు పోయే రక్తం సీసాలు, వారానికోసారి అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన కోడిపిల్లలు, వీటిని చేరవేస్తున్న మనిషి ఆయన. ఈ సరుకుల్లో ఏదీ కబుర్లు చెప్పమని అడగదు. ఆ ఉద్యోగం ఆయనకు అచ్చొచ్చిందంటే రాదూ మరి!

రేడియోలో మాత్రం ఆయనంటే, కిందనుంచి విమానాలకు దారి చెప్పే టవర్ వాళ్ళకు మహా గౌరవం. చుట్టుపక్కల ఎగిరే విమానాలన్నిటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్ళు నోరు మూసుకోవలసిందే. కాబట్టి టవర్ చెప్పినదాన్ని పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పి, వెంటనే బటన్ వదిలెయ్యాలి. దాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. ముక్తసరి గారి రీడ్‌బ్యాక్‌లో ఒక మాట ఎక్కువుండదు, ఒక మాట తక్కువుండదు. కొత్త పైలట్లకు ఆయన రికార్డింగులు వినిపించి మరీ పాఠం చెప్పేవారు.

చివరికి ఆ గొప్పే ఆయన కొంప ముంచింది.

పైలట్లకు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఫొటోలు చూపించి, ప్రశ్నలడిగి మాట్లాడిస్తారు. మొత్తం ఆరు మెట్లు. నాలుగో మెట్టు ఎక్కితేనే విమానం నడపనిస్తారు, అదీ కొన్నేళ్ళవరకే. గడువు తీరాక మళ్ళీ కూర్చోవాలి. ఉచ్చారణకీ, పదాలకీ, ధారాళంగా మాట్లాడటానికీ, ఇలా ఆరింటికి విడివిడిగా మార్కులు వేసి, అన్నిట్లోకీ తక్కువ వచ్చినదాన్నే అసలు మార్కుగా లెక్కగడతారు. అయిదింట్లో పండితుడైనా ఆరోదాంట్లో జారాడంటే జారినట్టే. కిందటిసారి ఆయన ఎలాగో గట్టెక్కాడు. ఈసారి పరీక్షాధికారిణి, ఒకప్పుడు టవర్లో పనిచేసిన పెద్దావిడ, "మీ పని రోజు ఎలా గడుస్తుందో వివరించండి" అని ఇంగ్లీషులో అడిగింది.

"పని రోజు, వివరించాలి" అని ఆయన స్పష్టంగా రీడ్‌బ్యాక్ ఇచ్చి ఊరుకున్నాడు.

ఆవిడ ఎదురుచూసింది. ఈయనా ఎదురుచూశాడు. గోడగడియారం ఒక్కటే ఇంగ్లీషో ఏదో మాట్లాడింది. రెండో ప్రశ్నకూ అదే వరస. తప్పు తెలిసొచ్చేసరికి ఉన్న నాలుగు మాటలకూ నీళ్ళు నమిలాడు. మూడు వచ్చింది.

పాత సర్టిఫికెట్ నెలాఖరుకు చెల్లిపోతుంది. ఇరవై రోజుల్లో ఇంకో అవకాశం ఉంది. అదీ తప్పితే ఏం చేయాలో చీఫ్ పైలట్ చెప్పలేక, ఆయన్ను గోదాములోకి తీసుకెళ్ళి పార్సిళ్ళ లేబుళ్ళు సరిచూసే బల్లా, దాని ముందు కుర్చీ చూపించాడు. "కుర్చీ మంచిదేనండీ, నడుము నొప్పి రాదు" అన్నాడు పాపం. ముక్తసరి గారికి ఆ కుర్చీ చూస్తే గుండె జారిపోయింది. ఆయనకు వచ్చిన పని ఒక్కటే, అది నేలమీద చేసేది కాదు.

ఇంట్లో విషయం మొదట పసిగట్టింది అత్తగారు. కంటి ఆపరేషన్ చేయించుకుని ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. ముప్ఫై ఒక్కేళ్ళు ట్రంకు కాల్స్ ఎక్స్ఛేంజీలో ఊరికీ ఊరికీ ఫోను లైన్లు కలిపిన ఆపరేటరు. కళ్ళకు పొర కమ్మిందేమో గానీ చెవులకు ఎన్నడూ ఏ పొరా కమ్మలేదు.

"అల్లుడుగారూ, పరీక్ష ఏమైంది బాబూ?"

"పోయిందండీ."

"అయ్యో, వాళ్ళు అడిగింది అర్థం కాలేదా?"

"అయిందండీ."

"మరి?"

"తిరిగి చెప్పానండీ."

సంగతంతా రాబట్టడానికి ఆవిడకు పావుగంట పట్టింది. అర్థమయ్యాక పకపకా నవ్వింది. "మేమూ అంతే బాబూ. నంబరు చెబితే తిరిగి చదివేవాళ్ళం. చదివాక లైను కలపాలి కదా! మీరు నంబరు చదివేసి ఫోను పెట్టేశారు."

ఆ మర్నాటినుంచి భోజనాల బల్లే పరీక్ష గది అయింది. అత్తగారు పొయ్యి దగ్గరుండే చిన్న టైమరు తెచ్చి మధ్యలో పెట్టేది. ప్రశ్నకు రెండు నిమిషాలు. గంట మోగేదాకా మాట ఆగకూడదు. పాత పత్రికల్లోంచి ఫొటోలు కత్తిరించి ముందుంచేది. మొదటి ఫొటో చూసి ఆయన ఇంగ్లీషులో, "ఇద్దరు మనుషులు. ఒక బండి. వాన" అని ముగించాడు. టైమరు పదో సెకను దగ్గరుంది.

"మిగతా నిమిషం యాభై సెకన్లూ ఎవరికోసం దాచుకున్నారు బాబూ?"

"ఇంకేం లేదండీ అందులో."

"వాళ్ళిద్దరూ వానలో ఎందుకు నిలబడ్డారు? గొడుగేదీ? బండి చెడిపోయిందా, తోవ తప్పిందా? లైన్లో మౌనం ఉందంటే తెగిందనే అర్థం. నేనైతే ఈపాటికి తీగ పీకేసేదాన్ని."

ఆయనకు రేడియోలో మౌనమంటే మర్యాద. ఆవిడకు మౌనమంటే తెగిన లైను. ఇద్దరిదీ ఉద్యోగధర్మమే, ఎవరిని తప్పుపడతాం? అయినా వారం తిరిగేసరికి బెల్లం కొట్టిన రాయిలా కూర్చునే మనిషి నిమిషంన్నర దాకా లాగుతున్నాడు. మాట తట్టకపోతే ఆగిపోకుండా చుట్టుతిరిగి పోవడం నేర్చాడు. తోపుడుబండికి ఇంగ్లీషు మాట గుర్తురాక, 'మనిషే ఇంజనుగా ఉండే చక్రాల పెట్టె' అన్నరోజు అత్తగారు చప్పట్లు కొట్టింది.

పద్నాలుగో రోజు సాయంత్రం ఆవిడ తాను రాసిపెట్టుకున్న ప్రశ్నల చీటీల్లోంచి ఒకటి తీసి చదివింది. ఊహించనిది జరిగిన ఒక ప్రయాణం గురించి చెప్పండి. పక్కనే ఆయన భార్య మర్నాటి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆమెది కళ్ళజోళ్ళ దుకాణంలో పని. రకరకాల గిరాకీలతో మాట్లాడి మాట్లాడి ఆమెకూ ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. ఆ సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు. గంట మోగేలోగా రెండు నిమిషాలు నింపాలన్నదే ధ్యాస.

చెప్పాడు. ఏడేళ్ళ కిందట, వాన పడుతుండగా, కొండల పక్కన చిన్న రన్‌వే మీదనుంచి లేచాడు. మూడొందల అడుగులు ఎక్కేసరికి ఎడమ ఇంజను ఆగిపోయింది. ముందు చెట్లు. కుడివైపు తిరగడానికి చోటు తక్కువ. ఉన్న ఒక్క ఇంజనుతో చెట్లకొసలు దాటి, నెమ్మదిగా చుట్టుతిరిగి అదే రన్‌వే మీద దిగాడు. అంతా కలిపి ఆరు నిమిషాలు. వెనక రెండువేల కోడిపిల్లలు. రెండో ఇంజను కూడా ఆపేశాక విమానం నిండా వాటి అరుపులే. బెల్టు విప్పుకుందామంటే చేతులు మాట వినలేదు. పావుగంట అలాగే కూర్చున్నాడు. రాతపని చేసుకుంటున్నాడేమో అని కింద మెకానిక్కు అనుకున్నాడు.

టైమరు గంట మోగింది. ఎవరూ దాన్ని ఆపలేదు. మొదటిసారి ఆయన రెండు నిమిషాలు దాటాడు, ఇంకా చెప్పడం ఆపలేదు కూడా.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి భార్య తెలుగులో అడిగింది. "ఏ రోజండీ అది?"

ఆయన తలెత్తి చూశాడు. అప్పటికిగానీ ఎవరి ముందు చెప్పాడో తెలియలేదు. "కుళాయి బాగుచేసిన రోజు" అన్నాడు.

ఆమెకు గుర్తుంది. గుర్తుండకేం? ఆ రోజు ఆయన రాగానే, ఎలా అయింది అని రోజూలాగే అడిగింది. "అంతా బాగానే" అన్నాడు రోజూలాగే. తరవాత ఎవరూ చెప్పకుండా వంటింటి కుళాయి విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, ఇల్లంతా నీళ్ళపాలు చేశాడు. ఆమెకు తిక్క రేగింది. మనసెక్కడ పెట్టుకున్నావయ్యా, ఒక్క పని తిన్నగా చేతకాదా అని అరిచి, రెండు రోజులు మాట్లాడటం మానేసింది.

"ఆ రోజు మిమ్మల్ని నానా మాటలూ అన్నాను కదండీ. అప్పుడైనా ఒక్క ముక్క చెప్పాల్సింది కదా!"

"చెబితే మర్నాడు నన్ను పంపగలిగేదానివా?"

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడేళ్ళు ఆలస్యంగా పోయినా పోవడం పోవడమే. చొక్కా మడత పెట్టకుండానే వదిలేసి లోపలికెళ్ళింది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, "ఈ పరీక్ష తప్పితేనే నయం. ఆ లేబుళ్ళ కుర్చీలో కూర్చుంటే కనీసం సాయంత్రానికి ఇంటికొస్తారు" అంది.

నాలుగు రోజులు ఇంట్లో లైను తెగింది. అభ్యాసం లేదు, టైమరు మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. కూతురివైపు మాట్లాడాలో అల్లుడివైపు మాట్లాడాలో తెలియక అత్తగారు కళ్ళల్లో చుక్కలు వేసుకుంటూ కూర్చుంది. ఆయనకు పరీక్ష భయం కన్నా ఇంటి భయం ఎక్కువైంది. ఒక కుర్చీ కాలు, రెండు తలుపు బందులు, ఒక స్విచ్చి బాగుచేశాడు. బాగున్న స్విచ్చే అది.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం భార్య వచ్చి అమ్మ కుర్చీలో కూర్చుంది. టైమరు తిప్పి బల్లమీద పెట్టింది. తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు తరవాత మళ్ళీ ఎందుకు ఎగిరారు?"

"ఎందుకు మళ్ళీ ఎగిరాను" అని అలవాటుగా అప్పజెప్పాడు. ఆమె కదల్లేదు. ఆయనే ముందుకు పోవలసి వచ్చింది.

ఇంగ్లీషులో, తడుముకుంటూ, చుట్టుతిరుగుతూ చెప్పాడు. పైన ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో నా చేతులకు తెలుసు. ఆరు నెలలకోసారి ఒక ఇంజను ఆపేసి అదే పని నాచేత చేయించి చూస్తారు. ఆ రోజు నేను భయపడింది గాలిలో కాదు, దిగాక. నువ్వు గుర్తొచ్చావు. ఇంటికొచ్చి నీ ఎదురుగా కూర్చుంటే ఏం చెప్పాలో తెలియలేదు. అది ఎవరూ నేర్పలేదు. అందుకని కుళాయి విప్పాను.

ఇక్కడ ఇంగ్లీషు అయిపోయింది. గంట మోగడానికి ఇంకా ఇరవై సెకన్లున్నాయి. ఆమె కళ్ళు తుడుచుకుని ఆ ఇరవై సెకన్లూ ఊరుకుంది.

"నాలుగు వస్తుందిలెండి" అంది చివరికి. "కానీ ఒక్క మాట. ఇకమీద గుమ్మంలో నిలబడి 'అంతా బాగానే' అన్నారంటే తలుపు తీసేది లేదు."

మర్నాడు పరీక్షగదిలో అదే పెద్దావిడ, అదే గోడగడియారం. ఫొటోలో బురదలో కూరుకుపోయిన విమానాన్ని ఆయన చక్రాలతో సహా వర్ణించాడు. కోడిపిల్లల కథను ఆవిడ కలం కింద పెట్టి మరీ విన్నది. అంతటితో పోనిస్తుందనుకుంటే, ఇంట్లో ఎవరూ చీటీమీద రాయని ప్రశ్న వేసింది. "ఇంట్లోవాళ్ళు ఏమన్నారు?"

ఆయన రీడ్‌బ్యాక్ ఇవ్వలేదు. "ఏడేళ్ళు ఏమీ అనలేదు మేడమ్, నేను చెప్పలేదు కాబట్టి. ఈ పరీక్షకు చదువుతుండగా మొన్న తెలిసింది. తెలిశాక నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. దానికన్నా ఒక ఇంజనుతో దిగడమే తేలిక" అన్నాడు ఇంగ్లీషులో, ఎక్కడా ఆగకుండా. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఆరింటికీ నాలుగేసి వచ్చాయి. అయిదు ఎక్కడా లేదు. అత్తగారు మాత్రం ఆ సంగతి బంధువులకు ఫోన్లు చేసి, అన్నీ నాలుగులే, ఒక్కటి కూడా తగ్గలేదు అని గొప్పగా చెప్పుకుంది.

పరీక్ష అయిన నాలుగో రోజున డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే భార్య అడిగింది. "ఎలా అయింది?"

"అంతా..." అని ఆగిపోయాడు. బూట్లు విప్పబోయి, విప్పకుండానే నిలబడ్డాడు. "గాలి బాగా ఉంది. పక్కకు నెట్టేస్తోంది. మొదటిసారి దిగలేకపోయాను. మళ్ళీ పైకి లేచి చుట్టు తిరిగొచ్చి దిగాను."

ఆమె ముఖం పాలిపోయింది. ఆయన చూశాడు, ఇందుకే కదా ఇన్నాళ్ళూ చెప్పనిది అనుకున్నాడు. కుళాయివైపు చూపు పోయింది కూడా. ఆమె ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, రెండో చేత్తో ఆయన చేతిలోని సంచీ అందుకుంది.

"భయమేసిందా?"

"కొంచెం."

"కూర్చోండి. మొదటినుంచీ చెప్పండి."

లోపలినుంచి అత్తగారు టైమరు పట్టుకుని రాబోయి, ఇద్దరినీ చూసి అక్కడే ఆగింది. టైమరు కొంగులో దాచి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"లైను కలిపాను" అంది లోపలినుంచే. "మాట్లాడుకోండి."