ఏరు ముట్టని పెళ్ళికొడుకు

ఒక్క అక్షరం కొంపలు ముంచుతుందంటే మీరు నమ్మరు. నా కొంపయితే ఇంకా కట్టకముందే మునగబోయింది. వినండి.

డెబ్బైల్లో గుంటూరు వైపు నుంచి అరకు లోయలో ఒక మిషన్ బడికి పంతులుగా వచ్చాను. నాకు ముందున్నాయన చలిజ్వరంతో వణుకుతూ రైలెక్కేశాడట. నేనా, ములక్కాడ లాంటి మనిషిని. మా బళ్ళోనే చిన్న తరగతులకి చెప్పే రూతుతో సంబంధం మాట కదిలింది. వాళ్ళ నాన్న దానియేలుగారు కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆకూ తీగా కూడా తెలిసినాయన. నా చెయ్యి పట్టి నాడి చూసి పెదవి విరిచారు.

"గట్టి మనిసి కాదు మేస్టారూ. ముందర జొరాల కాలం. మా గుంట రూతునిచ్చీసి, మిమ్మల్ని మంచమ్మీద సూసుకోమంటారేటి?"

"మందేదైనా చెప్పండి, తాగుతాను."

"తిప్పతీగ. ఏప సెట్టుమీద పాకిందయితే మరీ మంచిది. బొటనేలంత ముక్క తొక్క తీసి, దంచి, మరగబెట్టండి. రోజూ కాదు, అప్పుడప్పుడు. కడుపుతో ఉన్నోళ్ళు తాగకూడదు, మీకా భయం నేదనుకోండి. ఒకటే మాట. ఏరు మాత్రం ముట్టకండి. ముట్టారా, వాంతులే! వచ్చే నెల మొదటాదివారం భోజనానికి రండి, మిమ్మల్ని సూసి అప్పుడు మాటిస్తాను."

మా బస వెనకే ఏరు. ఊరంతా స్నానాలు అక్కడే. నేను దాని మొహం చూస్తే ఒట్టు! వానాకాలపు అరకు చలి ఎరిగినవాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు. స్నానం మానమని వైద్యుడే చెబితే అంతకన్నా ఏం కావాలి? చూరు కింద పట్టిన వాననీళ్ళు తాగడానికీ, కషాయానికీ, ముఖానికీ సరిపోయేవి. మిగతా ఒంటిని దేవుడికి వదిలేశాను. ముందు బెంచీ పిల్లలు నెమ్మదిగా వెనక్కి జరిగారు. నా మీద భయభక్తులు పెరిగాయనుకున్నాను.

ఆ ఆదివారం రానే వచ్చింది, జ్వరం మాత్రం రాలేదు. తీగే ఇంత మేలు చేస్తే దాని వేరు ఇంకెంత చేస్తుందో అనిపించింది. పీకి, కడిగి, గ్లాసుడు కాచి తాగి బయల్దేరాను.

రూతు నాటుకోడి కూర పట్టుకొచ్చి, గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సిగ్గనుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టానో లేదో వాంతి తన్నుకొచ్చింది. వాకిట్లోకి పరుగెత్తాను. వివరాలు వద్దులెండి, మీరూ అన్నం తినేవాళ్ళే.

దానియేలుగారు ముక్కు మూసుకుని నా వీపు నిమిరారు. "ఏటి తాగినారు మేస్టారూ? ఏరు ముట్టొద్దని సెప్పానా నేదా?"

"ముట్టలేదండీ! మీరు చెప్పిన నాటినుంచి స్నానమే చెయ్యలేదు!"

"తానమా? తానానికీ తీగకీ ఏటి సమ్మందం?"

"ఏట్లో దిగొద్దన్నారుగా!"

"ఓర్నాయనో! ఆ ఏరు కాదు బాబూ! తీగ ఏరు! మట్టిలో ఉంటాది సూడండి, ఆ ఏరు!"

"వేరా?" అన్నాను నీరసంగా. "అది పొద్దున్నే గ్లాసుడు తాగానండీ."

ఏప అంటే వేప అని తెలుసుకున్న పండితుణ్ణి, అక్కడితో నా తెలివి అయిపోయింది. నిజంగా ఏడుపొచ్చింది. రూతంటే నాకు ప్రాణం. ఆ పిల్ల ఎదుట కంపు కొడుతూ, కక్కుకుంటూ కూలబడ్డాను.

దానియేలుగారు తల అడ్డంగా ఊపారు. "ఈ సంబందం మనకొద్దే అమ్మా."

రూతు పడీ పడీ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని అంది. "కాదు నాన్నా. నువ్వొక్క మాటంటే తానమే మానేసినాడు. ఇంత మాట ఇనే మొగుడు నాకెక్కడ దొరుకుతాడు? ఈయన్నే సేసుకుంటాను. బేగి తీసుకెళ్ళి కడిగించుకు రా!"

సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ కొండల్లో మొలిచినదేదీ సొంత తెలివితో నోట్లో పెట్టను. మా ఆవిడకి చూపించకుండా ఈనాటికీ తమలపాకు కూడా నమలను.