రిహార్సల్‌లో మిస్ పాడిన చరణం

మా మ్యూజిక్ మిస్ పోయారని మొన్న గురువారం మధ్యాహ్నం తెలిసింది. మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు వాక్యాలు పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు కలిగింది దుఃఖమో భయమో తేల్చుకోలేకపోయాను. ఎనిమిదో తరగతిలో నేను రాసిన ఒక వ్యాసం వల్ల ఆమె ఉద్యోగం పోయిందేమోనని నా అనుమానం. అవునో కాదో ఆమె నోట వినలేకపోయాను.

మాది జమ్మలమడుగు వైపు ఒక కాన్వెంటు. సినిమా పాటలు గేటు బయటే ఆగిపోవాలి. మిస్ మాకు ప్రార్థన గీతాలు నేర్పేవారు. కళ్లజోడు తీసి హార్మోనియం మీద పెట్టి, కళ్లు మూసుకుని వినేవారు. ఎవరి గొంతు తప్పినా పేరు చెప్పేవారు కాదు.

"ఎవురో తొందరపడతాండారు. పొయ్యి మీద పాలేమన్నా పెట్టొచ్చినారా?" అనేవారు.

నేను గుంపులో పెదాలు మాత్రం కదిపేదాన్ని. అది ఆమెకు తెలుసు. ఒకరోజు నన్ను ఆపి, "పాడకపోతే పోనీలే, విను. వినేటోళ్లు గూడా కావల్ల గదా" అన్నారు. బడిలో నాకు పని ఇచ్చిన మొదటి మనిషి ఆమే అనిపించింది.

ఒక శనివారం పొద్దున ముప్పై మందిని వ్యాన్‌లో ప్రొద్దుటూరు తీసుకెళ్లారు. వాయిద్యాలు చూపిస్తానని హెడ్మిస్ట్రెస్ సిస్టర్ దగ్గర అనుమతి తీసుకున్నారు. ఒక కల్యాణమండపంలో ఆర్కెస్ట్రా వాళ్లు రిహార్సల్ చేసుకుంటున్నారు. పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ వాయించడమే వాళ్ల జీవనం.

పెద్దవాళ్లెవరు లోపలికొచ్చినా లేచి నిలబడి పలకరించడం మాకు అలవాటు. ఆ వాయిద్యగాళ్లేమో ఒక్కొక్కరే వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ముప్పై మందిమీ లేచి, "గుడ్... మార్నింగ్... సార్" అని సాగదీశాం. నాలుగోసారికి తబలా ఆయన చేతులు ఎత్తేశాడు.

"మేడమ్, నీకు దండం పెడతా. టీ తెచ్చేటాయన వచ్చినా లేస్తాండారు. మేం వాయించేది ఎప్పుడు?"

మిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "కూసోండమ్మా. ఇంక ఆ దేవుడే వచ్చినా లేయద్దండి."

తర్వాత మా అయోమయం ఇంకా పెరిగింది. పాట మొదలయ్యేది, పల్లవి రావాల్సిన చోట అందరూ ఆపేసేవారు. పాడే ఆమె ఇంకా రాలేదు. పాటకు ముందూ మధ్యలోనూ వచ్చే ముక్కల్నే వాళ్లు మళ్లీ మళ్లీ వాయించుకుంటున్నారు. గొంతు ఉండాల్సిన చోట వేళ్లతో తాళం లెక్కపెట్టుకుంటున్నారు.

"పాట యాడ ఉందే?" అని పక్కమ్మాయి నన్ను గిల్లింది. నాకూ తెలియలేదు.

ఫ్లూట్ ఆయన ఒకే చోట పదే పదే ముందుగా వచ్చేస్తున్నాడు. కీబోర్డు ఆయన విసుక్కుని మిస్ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వన్నా ఒక చరణం అందుకో. గొంతు లేకపోతే ఈయప్పకు దారి తెలీడం ల్యా."

మిస్ మా వైపు చూశారు. తలుపు దగ్గర నిలబడిన వ్యాన్ డ్రైవర్ వైపు చూశారు. లేచి పాడారు. అది సినిమాలోని ప్రేమ పాట. మైకు లేదు. మాకు రోజూ తెలిసిన గొంతు కాదు అది. ఆమె వదిలిన చోట ఫ్లూట్ సరిగ్గా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

సోమవారం హెడ్మిస్ట్రెస్ సిస్టర్ మా క్లాసుకొచ్చి, చూసింది చూసినట్టు రాయమన్నారు. నేను ఆ చరణం గురించే రెండు పేజీలు రాశాను. మిస్‌ను పొగడాలనే రాశాను. సిస్టర్ చదివి, "బాగుంది" అని, నా కాగితాలు మాత్రం తిరిగివ్వలేదు.

వేసవి సెలవుల తర్వాత మిస్ రాలేదు. వాళ్లాయనకు బదిలీ అయిందని కొందరు, తీసేశారని కొందరు అన్నారు. నాకు చెప్పాల్సింది ఎవరో, ఎవరిని అడగాలో తెలియలేదు.

నాలుగేళ్ల కిందట పులివెందుల బస్టాండులో కనిపించారు. జుట్టు బాగా నెరిసింది. ముందుగా ఆమే గుర్తుపట్టారు.

"ఏమ్మా, ఇంకా రాస్తాండావా?"

తలూపాను.

"ఆ పొద్దు శానా బాగా రాసినావు. సిస్టర్ నాకు చదివి వినిపించింది."

నవ్వుతూనే అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో తెలియలేదు. "మిస్, అందుకేనా మీరు..." అని మొదలుపెట్టేసరికి జమ్మలమడుగు బస్సొచ్చింది. నా మాట ఆమెకు వినబడిందో లేదో.

జనంలో తోసుకుంటూ ఎక్కి, కిటికీ దగ్గర సీటు పట్టారు. పక్క సీట్లో సంచి పెట్టి నన్ను రమ్మని చెయ్యి ఊపారు. నేను పోవాల్సింది కడపకు. రానన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థమైనట్టు లేదు. ఎవరో అక్కడ కూర్చోబోతే, మనిషి వస్తోందని చెప్పి అరచెయ్యి అడ్డం పెట్టారు. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆమె నా వైపే చూస్తున్నారు, ఆ చెయ్యి సీటు మీద నుంచి తియ్యకుండా.