పసుపు బొట్టు పెట్టిన పురుగు

ఆ కబురు మొదట నాకు చెప్పింది మా మరదలు, తమ్ముని భార్య. చేవెళ్ల మార్కెట్లో బంతిపూలు దించి, ఫోన్ పట్టుకొని నేరుగా మా ఇంటికి వచ్చింది. "వదినా, మీ మేనత్త పురుగు కొత్తదేనంట! పుస్తకంల అచ్చయిందంట!" పొయ్యి మీద పాలున్నా లేచి వెళ్లి దేవుని ముందు దీపం పెట్టాను. పాలు పొంగాయి. పొంగనీ అనుకున్నాను.

మేనత్త సముద్రం పక్క కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో ఇల్లు కట్టుకున్నది. వెంట తెచ్చుకున్న సామాను సముద్రపు ఇసుక సీసాలు. అందులో వెంట్రుక కంటే సన్నని నులిపురుగులు. చూడవచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే, "పిల్లల కడుపుల ఉండేటియి గావు ఇవి. ఎవ్వరి జోలికి పోవు, ఇసుకల వాటి బతుకు అవి బతుకుతయి" అనేది.

నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ముగ్గులు వేసే చెయ్యి కదా అని అత్త నాకు పని నేర్పింది. వెదురుపుల్లకు అతికించిన కనురెప్ప వెంట్రుకతో పురుగును ఎత్తి, గాజుపలక మీద గ్లిజరిన్ చుక్కలో పడుకోబెట్టాలి. మైక్రోస్కోపులో చూస్తూ బొమ్మ గీయాలి. తల చుట్టూ వెంట్రుకలెన్ని, తల పక్కన గుంట గుండ్రంగా ఉందా, నత్తగుల్లలా చుట్టుకుందా, నోట్లో పన్నుందా, తోక ఎలా ఉంది, వీటిని బట్టే దాని ఇంటిపేరు, అంటే జాతి, తేలుతుంది.

ఒక దసరాకు, పనిముట్లకు పూజ చేయాలి కదా అని, అత్త స్నానానికి పోయినప్పుడు ప్రతి గాజుపలకకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఏది ఏ తీరం సీసాలోదో చెప్పే చీటీలు పలకలకు అతికించి ఉండేవి; వాటి మీద నేను రాసిన మామూలు సిరా ఆ తడికి కరిగిపోయింది. ఆ పలకల్లోనే, ఏ పేరుకూ లొంగని మగపురుగులు రెండున్నాయి, కవలల్లా. రెండూ వేర్వేరు తీరాలవి. ఏది ఎక్కడిదో తెలియకపోతే రెండూ పనికిరావు. మోకాళ్ల నొప్పులతో అత్త మళ్లీ సముద్రానికి పోయే మాట లేదు.

"ఓ పిల్లా, మైక్రోస్కోపుకు ఒక్క బొట్టు పెట్టి ఊకుంటే దేవుడు అలుగుతుండెనా?" అన్నది. నేను ఏడుస్తుంటే, "చీటీ మీదిది పోయింది గని, పురుగు మీదిది పోయిందా? నీ నోటుబుక్కు తియ్యి" అన్నది.

ప్రతి బొమ్మ కింద సీసా నంబరు రాసే అలవాటు నాది. ఒక బొమ్మలో పురుగు తల పక్కన వెంట్రుక ఒకటి సగానికి విరిగి ఉంది. గీసేనాడు అందం చెడుతుందని పూర్తిగా గీయబోతే, "ఉన్నది ఉన్నట్లు గియ్యి, సోకులు జెయ్యకు" అని అత్తే తిట్టింది. మైక్రోస్కోపులో మొదటి పురుగు తల వెంట్రుకలు నిండుగా ఉన్నాయి. రెండోదాని వెంట్రుక విరిగి ఉంది. ఎవరి తీరం వాళ్లకు దక్కింది. అత్త నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇగ బువ్వ తిందాం పా" అన్నది.

అత్త పోయి ఏడాది దాటింది. ఆ కవల పురుగులది కొత్త జాతి అని పుస్తకానికెక్కడం ఇప్పటికి అయింది. అది తొందరపడే పని కాదు, ఆమె తొందరపడనూ లేదు. కాలం తన తీరున తాను నడిచి వచ్చింది. మీరు ఎప్పుడైనా సముద్రానికి పోతే, పాదాల ఇసుక దులుపుకునే ముందు మా మేనత్తను ఒక్కసారి తలుచుకోండి.