నేను చేయని ప్రార్థన

మా చిన్నప్పుడు, మా దీవుల్లో సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న... నేను చర్చి వెనక కొండ మీద, చెట్ల చాటున కూర్చుని కేకు తింటున్నాను. దొంగ కేకు.

క్రిస్మస్ మర్నాడు కదా... సంఘంలో ముసలివాళ్ళకి పంచాలని కేకు పొట్లాలు కట్టి చర్చిలో బల్ల మీద పెట్టారు. నాన్న సంఘ పెద్ద. ఆరాధనకి ముందే ఊడ్చాలని నన్నూ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చీపురు పట్టుకున్నాడు, నేను పొట్లం పట్టుకుని పైకి పరుగు! పదేళ్ళ పిల్లని నేను... బుద్ధి మాత్రం అయిదేళ్ళది.

మొదటి ముక్క నోట్లో ఉండగానే కొండంతా ఊగింది. నేను చెట్టుని కావలించుకుని, ఓరి దేవుడా, ఒక్క కేకు ముక్కకి ఇంత కోపమా అనుకున్నాను. ఊగడం ఆగినా కిందకి దిగడానికి ధైర్యం చాల్లేదు. నాన్నేమో నేను ఇంటికి పారిపోయాననుకుని అటు వెళ్ళాడట.

చాలాసేపటికి కింద నుంచి అరుపులు, పరుగులు... జనం కొండెక్కి వస్తున్నారు. నాకోసమే అనుకున్నాను. సండే స్కూల్లో నేను బాగా నేర్చుకున్న సంగతి ఒకటే, ప్రార్థనలో ఉన్న పిల్లని ఎవరూ కొట్టరు! పొట్లం గౌనులో దోపి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసేశాను.

నాన్న నన్ను చూసి అక్కడే కూలబడి ఏడ్చేశాడు. "చూడండి, నా కూతురు ప్రార్థనలో ఉంది. అందుకే దేవుడు మనల్ని పైకి నడిపించాడు" అన్నాడు అందరితో. అప్పుడు కళ్ళు తెరిచాను... కింద మా వీధి లేదు. నీళ్ళే. అమ్మ పైకొచ్చింది, మా వీధిలో చాలామంది వచ్చారు. మా వరసలో ఆఖరి ఇంటి సుగుణ రాలేదు. నా ఈడుదే.

ఆ తర్వాత మేం ప్రోతరాపూర్‌లో మా మేనత్త ఇంట్లో సర్దుకున్నాం. అక్కణ్ణుంచి మొదలైంది నా జైలు.

దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. ప్రతి ఆదివారం నాకు తెల్ల గౌను తొడిగి నిలబెట్టేవారు. నీతిగా బతికే ఇంటిని దేవుడు విడిచిపెట్టడు అని నాన్న మొదలెట్టేవాడు, నేను పూర్తి చేయాలి. ఒకసారి బస్సెక్కించి రంగత్ దాకా తీసుకెళ్ళారు. దారి పొడవునా వాంతులే... అక్కడా అదే సాక్ష్యం. చెప్పేకొద్దీ కథ పెరిగింది. పాస్టరు అయ్యగారు ఒకరైతే నేను ఆ రోజు ఉపవాసం ఉన్నానని కూడా కలిపేశారు. కేకు తిన్న కడుపుతో ఉపవాసం!

స్కూల్లో పిల్లలు "దీదీ, మ్యాథ్స్ పేపర్ కే లియే ప్రార్థనా కర్నా" అని, లెక్కల పరీక్ష కోసం ప్రార్థించమని హిందీలో అడుగుతూ చేతులు కట్టుకు నిలబడేవారు. అమ్మలు జ్వరం పిల్లల్ని తెచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవారు. గట్టిగా అరవకూడదు, ఎవరితో పోట్లాడకూడదు, జామకాయ కోయకూడదు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నాన్న పక్కన చేరానో... ఇల్లు పోయిన మనిషికి అప్పుడు మిగిలిన సంతోషం ఆ ఒక్క మాటే. ఎలా లాక్కోను? పారిపోదామంటే చుట్టూ సముద్రం, దాన్ని చూస్తేనే వణుకు.

ఏడాది తిరగబోతుండగా గరాచర్మ చర్చిలో ప్రార్థన కూటం పెట్టారు. లోపలికి వెళ్తుంటే గుమ్మం పక్కన రత్నం అత్త నన్ను ఆపింది. సుగుణ వాళ్ళమ్మ. ప్రతి చోటికీ వచ్చేది, వెనక బెంచీలో కూర్చుని వెళ్ళిపోయేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"మా సుగుణ డబ్బాలో పంచదార దొంగతనంగా తినేదే అమ్మా... అబద్ధాలు కూడా ఆడేది. అందుకేనా, దేవుడు నిన్ను చూసి దాన్ని చూడలేదు?"

ఇన్నాళ్ళూ నేను చెప్పిన ప్రతి సాక్ష్యం ఈవిడ ఇలా విన్నదన్నమాట.

కాసేపటికి నా పేరు పిలిచారు. నాన్న మొదలెట్టాడు, నా వంతు వచ్చింది. నేను అందరి వంకా చూడలేదు, రత్నం అత్త వంకే చూశాను.

"నేను ప్రార్థన చేయలేదత్తా. ముసలోళ్ళ కేకు దొంగిలించి తింటున్నాను. దెబ్బలు పడతాయని కళ్ళు మూసుకున్నాను. నేనూ సుగుణలాంటి దాన్నే."

నాన్న తల దించేసుకున్నాడు. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. అంతలో వెనక నుంచి ఏడుపు... రత్నం అత్త, ఏడాదిగా ఒక్క చుక్క రాల్చని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

నాన్న బల్లలు దాటుకుంటూ వెనక్కి నడిచాడు. నన్ను దాటిపోయేటప్పుడు కనీసం చూడలేదు. ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, సంఘ పెద్ద, అందరి ముందూ.

"నా బిడ్డ బతికిందన్న మురిపెంలో నీ బిడ్డని పాపిని చేశాను చెల్లెమ్మా. నన్ను క్షమించు."

నీతి గురించి మా నాన్న ఎన్నో ఏళ్ళు ప్రసంగాలు చేశాడు. నాకు గుర్తున్నది ఈ ఒక్కటే.

ఇప్పుడు సాక్ష్యాలన్నీ ఫోన్లోనే... వెనక మ్యూజిక్కు, కింద వందల కొద్దీ ఆమెన్‌లు. నా ఇల్లు నిలిచింది, నా జబ్బు తగ్గింది అని. మంచిదే, సంతోషమే. కానీ చర్చిలో చెప్పేటప్పుడు వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారో కనబడేది... ఫోన్లో కనబడదు.

మీ చిన్నప్పుడు కూడా మీది కాని మంచితనం ఎవరైనా మీ నెత్తిన పెట్టారా? ఎలా దించుకున్నారు? లేక ఇంకా మోస్తూనే ఉన్నారా... చెప్పండి. ఇక్కడ ఎవరూ కొట్టరు.